ఒక తప్పు... వంద కాపీలు!

శుభలేఖలు అచ్చయి ఇంటికొచ్చాయి. నాలుగు మూలలా పసుపు రాసి మొదటిది దేవుడి ముందు పెట్టారు. రెండోది అందుకున్న బాబాయి కళ్లజోడు సవరించుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. వధువు పేరు సరే. వరుడి పేరు సరే. ముహూర్తం, కల్యాణమండపం, విందు... అన్నీ సరే. చివరి వరుస దగ్గర మాత్రం ఆగిపోయాడు. 'ఒరే, ఈ సూర్యనారాయణగారెవర్రా?' అన్నాడు. ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫోను చేస్తే ప్రెస్సాయన నాలుక కరుచుకున్నాడు. క్రితం నెల వేసిన ఇంకో పెళ్లి కార్డును కంప్యూటర్లో తెరిచి, అందులోనే పేర్లు మార్చి అచ్చేశాడు. అన్నిచోట్లా మార్చాడు. ఒక్కచోట మర్చిపోయాడు!

పెళ్లి కార్డు కాబట్టి స్టిక్కరు అంటిస్తే సరిపోయింది. మరి పాతదాన్ని తెచ్చి కొత్తదానికి సర్దే అలవాటు రాకెట్‌ను నడిపే ప్రోగ్రాంలో బెడిసికొడితే? బ్యాంకు లావాదేవీలకు కాపలా కాసే ప్రోగ్రాంలో బెడిసికొడితే?

రెండూ జరిగాయి. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ ఆ ప్రెస్సాయన లాంటివాళ్లే. నిన్న రాసిందాన్ని కాపీ చేసుకుని, ఇవాళ్టి అవసరానికి నాలుగు మార్పులు చేసుకుంటారు. అందులో తప్పేం లేదు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. అసలులో ఓ లోపం ఉందని అయిదేళ్లకు బయటపడిందనుకోండి... అప్పటికి దాని కాపీలు ఎన్ని ప్రోగ్రాముల్లో, ఎన్ని పేర్లతో కాపురం పెట్టాయో ఎవరికి తెలుసు?

వాటిని వెతికి పట్టుకోవడానికి ఓ శాస్త్రమే పుట్టింది. ఇలా ఒకదాన్నొకటి పోలిన ముక్కల్ని 'కోడ్ క్లోన్లు' అంటారు.

ఇద్దరికీ ఒకే మతిమరుపు

1996 జూన్ 4. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా. అక్కడి కూరూ అంతరిక్ష కేంద్రం నుంచి యూరప్ కొత్త రాకెట్ ఏరియాన్-5 మొట్టమొదటిసారి నింగికెగిరింది. లోపల భూ అయస్కాంత క్షేత్రాన్ని పరిశోధించాల్సిన నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలున్నాయి. ఇంజిను అంటుకున్న 37 సెకన్లకు రాకెట్ దారి తప్పింది. పక్కకు ఒరిగి ముక్కలైపోయింది.

విచారణలో తేలిన కారణం వింటే ముక్కున వేలేసుకోవాలి. రాకెట్ ఎటు పోతోందో, ఎంత వంగిందో చెప్పే యంత్రంలోని సాఫ్ట్‌వేర్‌ను దాని అన్నగారైన ఏరియాన్-4 నుంచి తెచ్చి పెట్టుకున్నారు. అన్న నింపాదిగా లేచే రకం. తమ్ముడు దూకుడు. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఓ అంకెను దాచడానికి పాత ప్రోగ్రాంలో ఇచ్చిన జాగా 32,767 దాకానే సరిపోతుంది. ఏరియాన్-4 ప్రయాణంలో ఆ అంకె ఎప్పుడూ అంత పెరిగేది కాదు. ఏరియాన్-5లో పెరిగింది. చెంబులో బిందెడు నీళ్లు పోసినట్టయింది. ప్రోగ్రాం చేతులెత్తేసింది.

ఒకటి చెడితే ఆదుకోవడానికి ఇంకోటి ఉండాలని అలాంటి యంత్రాన్నే రెండోది కూడా అమర్చారు. కానీ అందులో ఉన్నదీ అదే సాఫ్ట్‌వేర్! అదే కారణంతో, దాదాపు అదే క్షణంలో అదీ ఆగిపోయింది. ఇద్దరు కాపలాదారుల్ని పెట్టి ఇద్దరికీ ఒకే మతిమరుపు ఉండేలా చూసుకున్నట్టయింది. అన్నిటికంటే విచిత్రం... రాకెట్‌ను ముంచిన ఆ లెక్కతో ఏరియాన్-5కు గాల్లోకి లేచాక అసలు పనే లేదు. పాతదాంట్లో ఉంది కాబట్టి కొత్తదాంట్లోకీ వచ్చింది. అంతే!

అన్నకు మందు... తమ్ముడికి గండం

ఇది అందరి జేబుల్లోకీ వచ్చిన కథ. 2014 ఫిబ్రవరి 21న ఆపిల్ కంపెనీ ఐఫోన్ల కోసం ఓ చిన్న సవరణ విడుదల చేసింది. ఫోనులో బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు అవతల ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా కాదా అని తేల్చే ముక్కలో తప్పు దొర్లిందట. ఏమిటా తప్పు? 'గోటూ ఫెయిల్'... అంటే 'మిగతావి వదిలేసి చివరికి వెళ్లు' అని చెప్పే ఒక వరుస పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది 'తేడా ఉంటేనే వెళ్లు' అన్న షరతుకు లోబడి ఉంది. రెండోదానికి షరతే లేదు. దాంతో అసలైన ఆఖరి తనిఖీ జరక్కుండానే 'అంతా సవ్యం' అన్న జవాబు వచ్చేస్తోంది. కాఫీ హోటల్లోనో విమానాశ్రయంలోనో అదే వైఫై వాడుతున్న దొంగ 'నేనే మీ బ్యాంకును' అంటే ఫోను నమ్మేస్తుందన్నమాట.

సవరణ రాగానే నిపుణులు కూపీ లాగారు. ఐఫోన్ సాఫ్ట్‌వేరూ, మ్యాక్ కంప్యూటర్ల సాఫ్ట్‌వేరూ ఒక తల్లి బిడ్డలే. చూస్తే అదే తప్పు మ్యాక్‌లోనూ ఉంది! ఫోనుకు మందు పడింది. కంప్యూటర్‌కు పడలేదు. పైగా జబ్బేమిటో లోకమంతటికీ తెలిసిపోయింది. మ్యాక్‌కు సవరణ ఫిబ్రవరి 25న వచ్చింది. మధ్యలో ఆ నాలుగు రోజులూ మ్యాక్ యజమానుల ఇంటి తాళం ఏ తాళంచెవికి తెరుచుకుంటుందో ఊరంతా తెలిసినట్టే!

ఒకే ప్లానుతో కట్టిన పది ఇళ్లలో ఒకదాని దూలం బీటవారితే మేస్త్రీ ఆ ఒక్క ఇల్లూ బాగుచేసి ఊరుకోడు. మిగతా తొమ్మిదీ చూస్తాడు. సాఫ్ట్‌వేర్‌లోనూ చేయాల్సింది అదే. కాకపోతే ఇక్కడ ఇళ్లు పది కాదు, లక్షలు. ఆ ప్లాను ఎవరెవరు తీసుకెళ్లారో రాసిపెట్టుకున్నవాళ్లు లేరు. తీసుకెళ్లినవాళ్లు గదుల పేర్లూ, గోడల రంగులూ మార్చేసుకున్నారు.

పులిహోర నాలుగు రకాలు

'ఒకేలా ఉన్నవాటిని పట్టుకోవడానికి అంత శాస్త్రం ఎందుకు? వెతికితే దొరకవా?' అనిపించొచ్చు. అక్షరం పొల్లుపోకుండా ఉంటే దొరుకుతాయి. కానీ కాపీలన్నీ అంత బుద్ధిగా ఉండవు. పరిశోధకులు వాటిని నాలుగు రకాలుగా విడదీశారు. వంటింట్లోకి వెళ్తే సులువుగా అర్థమవుతుంది.

అమ్మ రాసుకున్న చింతపండు పులిహోర తయారీని కూతురు తన డైరీలోకి యథాతథంగా ఎక్కించుకుంది. అక్కడో పేరా విడగొట్టింది, ఇక్కడ ఎర్ర సిరాతో గీత గీసింది. అంతే తేడా. ఇది మొదటి రకం.

అదే పద్ధతిని పెద్ద కోడలు మామిడికాయ పులిహోరకు వాడుకుంది. చింతపండు అన్నచోటల్లా మామిడి కోరు అని మార్చింది. పేర్లే మారాయి, వరుస మారలేదు. ఇది రెండో రకం.

చిన్న కోడలు ఇంకో అడుగు ముందుకేసింది. పల్లీలు తీసేసి జీడిపప్పు చేర్చింది. అన్నాన్ని ఆరబెట్టమన్న వాక్యం అక్కర్లేదని కొట్టేసింది. చివర్లో ఇంగువ కలపమని కొత్త వాక్యం రాసింది. ఇది మూడో రకం.

ఇక నాలుగోది. ఎక్కడో మరో జిల్లాలో, వీళ్ల ముఖమే చూడని ఓ పెద్దావిడ పులిహోర చేసే విధానాన్ని తన మాటల్లో రాసింది. ఒక్క వాక్యమూ వీళ్లదానితో కలవదు. వండితే మాత్రం అదే రుచి! రాత వేరు, పని ఒకటే.

మొదటి రకాన్ని మామూలు కంప్యూటర్ ప్రోగ్రాం ఇట్టే పట్టేస్తుంది. రెండో రకానికి కాస్త తెలివి కావాలి. మూడోదానికి ఓపిక కూడా కావాలి. నాలుగో రకం దగ్గర ఇప్పటికీ తలలు పట్టుకుంటున్నారు.

పేర్లు చెరిపేస్తే సరి

రెండో రకాన్ని పట్టుకోవడానికి వాడే ఉపాయం మాత్రం భలే ముచ్చటగా ఉంటుంది. 'రాముడు సీతకు రెండు మామిడిపండ్లు ఇచ్చాడు'... 'గోపాలం రాధకు నాలుగు జామపండ్లు ఇచ్చాడు'... ఈ రెండు వాక్యాల్లో కలిసేది ఒక్క 'ఇచ్చాడు' మాత్రమే. ఇప్పుడు పేర్లనీ అంకెల్నీ చెరిపేసి ఆ స్థానంలో 'ఫలానా' అని రాయండి. 'ఫలానా ఫలానాకు ఫలానా ఫలానా ఇచ్చాడు'. రెండూ ఒకటైపోయాయి! వేషం తీసేస్తే మనిషి దొరికాడన్నమాట.

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బ్రెండా బేకర్ 1990ల తొలి సంవత్సరాల్లోనే ఈ దారి వేశారు. పేర్లు మారినా ఆ మార్పు ఒక పద్ధతి ప్రకారం జరిగిందో లేదో గమనించే 'డప్' అనే ప్రోగ్రాం తయారు చేశారు. 2002లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన తోషిహిరో కమియా, షింజి కుసుమోతో, కత్సురో ఇనొవె కలిసి 'సీసీఫైండర్' గురించి ప్రకటించారు. పేర్లు చెరిపేసి పోల్చే ఈ పరికరం ఆ తర్వాత వచ్చిన ఎన్నో పరికరాలకు ఒరవడి అయింది.

మరి కోట్ల వరుసల్ని ఒకదాంతో ఒకటి పోల్చడం ఎప్పటికి తెమిలేను? దానికీ ఓ చిట్కా ఉంది. పెళ్లికి వెయ్యిమంది వచ్చారు. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లెవరో తేల్చాలి. ప్రతి ఒక్కరినీ మిగతా అందరితో పోలిస్తే 4,99,500 సార్లు అడగాలి. అదే ఇంటిపేర్ల ప్రకారం అందరినీ అకారాది క్రమంలో నిలబెడితే? ఒకే ఇంటిపేరువాళ్లు పక్కపక్కనే ఉంటారు. చేయాల్సిందల్లా వరుస వెంట ఒక్కసారి నడిచి వెళ్లడమే. కోడ్‌లోని ప్రతి ముక్కకూ వేలిముద్ర లాంటి ఒక అంకె తయారు చేసి ఆ అంకెల్ని ఇలాగే వరుసలో పెడతారు. విద్యార్థులు ప్రోగ్రాములు చూసి రాశారేమో కనిపెట్టడానికి 1994లో అమెరికాలో అలెక్స్ ఐకెన్ తయారు చేసిన 'మాస్' కూడా వేలిముద్రల పద్ధతిలోనే నడుస్తుంది. ప్రపంచమంతటా కాలేజీ మాస్టార్లకు అది బాగా చుట్టం!

మర్చిపోయిన పేరు దొరికింది

మళ్లీ మన శుభలేఖ దగ్గరికి వద్దాం. పేర్లన్నీ మార్చి ఒక్కటి మర్చిపోతే కంప్యూటర్ పట్టుకోగలదా?

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో యుయాన్‌యుయాన్ ఝౌ బృందం 2004లో సరిగ్గా ఈ పనే చేసింది. వాళ్ల 'సీపీ-మైనర్' ముందు కాపీ ముక్కల్ని వెతుకుతుంది. తర్వాత పేర్లను లెక్కపెడుతుంది. అసలులో ఒక పేరు నాలుగు చోట్ల ఉందనుకోండి. కాపీలో నాలుగు చోట్లా అది మారితే సరే. ఒక్కచోటా మారకపోయినా సరే... కావాలనే ఉంచుకున్నారని అర్థం. మూడు చోట్ల మారి ఒక్కచోటే మారలేదా? అదిగో... సూర్యనారాయణగారు!

లక్షల కంప్యూటర్లను నడిపే లినక్స్, ఫ్రీబీఎస్‌డీ అనే రెండు పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద దాన్ని ప్రయోగించారు. 20 నిమిషాలు కూడా పట్టలేదు. లినక్స్‌లో 1,90,000, ఫ్రీబీఎస్‌డీలో 1,50,000 కాపీ ముక్కలు బయటపడ్డాయి. మొత్తం కోడ్‌లో అవి 20 నుంచి 22 శాతం! అంటే అయిదు వరుసలకు ఒకటి కాపీ వరుసే. వాటిలో కాపీ కొట్టడం వల్లే పుట్టిన తప్పులు లినక్స్‌లో 28, ఫ్రీబీఎస్‌డీలో 23 దొరికాయి. చాలావాటి సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలీదు. లినక్స్‌లో మెమొరీ లెక్కలు చూసే ఓ ఫైల్లోనైతే అచ్చం శుభలేఖ కథే. పక్కనున్న ముక్కను తెచ్చి అన్నిచోట్లా పేరు మార్చారు. ఒక్కచోట పాత పేరు అలాగే ఉండిపోయింది.

వేరుపడ్డ అన్నదమ్ములు

ఒక ప్రోగ్రాంలోని కాపీల సంగతి ఇలా ఉంటే, ఒకే వంశంలో పుట్టి వేరుపడిన ప్రోగ్రాముల కథ ఇంకా రసవత్తరం. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పెరిగిన యూనిక్స్ వంశాన్ని 'బీఎస్‌డీ' అంటారు. మామూలు పర్సనల్ కంప్యూటర్ల కోసం 1992లో ఆ వంశంలో 386బీఎస్‌డీ పుట్టింది. 1993లో దాన్నుంచి నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ విడివడ్డాయి. 1995లో నెట్‌బీఎస్‌డీ నుంచి థియో డి రాట్ వేరుపడి ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టారు. ఉమ్మడి ఆస్తి పంచుకుని మూడు కుంపట్లు పెట్టారన్నమాట. ఎవరి దారి వాళ్లది. ఒకరికి వేగం ముఖ్యం, ఒకరికి అన్నిరకాల యంత్రాల్లోనూ నడవడం ముఖ్యం, మరొకరికి భద్రతే సర్వస్వం.

ఇప్పుడు పెద్దవాడింట్లో పాత గోడకు కన్నం పడిందనుకోండి. అది తాతలనాటి గోడే అయితే మిగతా ఇద్దరి ఇళ్లలోనూ ఉంటుంది కదా? వేరుపడ్డా రాకపోకలు తప్పవు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో బైశాఖి రే, మిర్యుంగ్ కిమ్ ఈ అన్నదమ్ముల 18 ఏళ్ల చరిత్రను తిరగేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఒకరు చేసిన మరమ్మతును మరొకరు తెచ్చుకుని తమ ఇంటికి సర్దుకోవడం ఏళ్లు గడిచినా ఆగడం లేదని తేలింది. దానికి బోలెడంత శ్రమ పడుతోంది. చురుగ్గా పనిచేసే ప్రోగ్రామర్లలో చాలామంది ఆ పనిలో పాలుపంచుకుంటున్నారు. ఆశ్చర్యమేమిటంటే, అలా తెచ్చుకున్న మార్పుల్లో తప్పులు సొంతంగా చేసిన మార్పుల్లోకన్నా తక్కువ! అన్న ఇంట్లో ఓసారి నలిగి వచ్చినవి కదా మరి.

రెండంకెల తిప్పలు

ఈ వెతుకులాటతో తెలుగువాళ్లకు ఓ పాత బంధుత్వం ఉంది. 1990ల చివర్లో హైదరాబాద్‌లో కోబాల్ కోచింగ్ సెంటర్లు కిటకిటలాడిన రోజులు గుర్తున్నాయా? అప్పటికే ముసలిదైపోయిన ఆ కంప్యూటర్ భాషను మన కుర్రాళ్లు పోటీలుపడి నేర్చుకున్నారు. అమెరికా విమానాలెక్కారు. కారణం... 'వైటూకే'.

కంప్యూటర్ మెమొరీ బంగారంలా పిరమైన రోజుల్లో సంవత్సరాన్ని నాలుగంకెలతో కాకుండా రెండంకెలతో రాసేవారు. 1965 అంటే 65. మరి 2000 వస్తే? 00! అంటే 1900 అనుకుంటుంది యంత్రం. తేదీ ఎక్కడుందో తెలిస్తే దిద్దడం పెద్ద పనేం కాదు. తెలియకపోవడమే అసలు తిప్పలు. తేదీ లెక్కలు బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో వేలాది ప్రోగ్రాముల్లోకి కాపీల మీద కాపీలుగా పాకిపోయాయి. ఒకచోట పుట్టినతేదీ అనే పేరుతో, ఇంకోచోట గడువు అనే పేరుతో, మరోచోట అర్థంపర్థం లేని రెండక్షరాలతో. దిద్దడంకన్నా వెతకడానికే ఎక్కువ ఒళ్లు హూనమైంది. ఆనాడు రాత్రింబవళ్లు తెర ముందు కూర్చుని మనవాళ్లలో ఎంతోమంది చేసింది నిజానికి క్లోన్ల వేటే. ఆ పేరు అప్పటికి వాళ్లకు తెలియకపోవచ్చు.

40 కోట్ల వరుసలు... రెండు రోజులు

వెతకాల్సిన అడవి ఏటికేడు పెరుగుతూనే ఉంది. 2007లో ఒసాకా విశ్వవిద్యాలయం పరిశోధకులు తమ విద్యార్థుల ల్యాబ్‌లోని 80 కంప్యూటర్లను ఒక జట్టుగా కట్టారు. అందరూ ఉచితంగా వాడుకునే ప్రోగ్రాములను పోగేసి దాదాపు 40 కోట్ల వరుసల్ని జల్లెడ పట్టారు. రెండు రోజుల్లో పని పూర్తయింది!

ఆ తర్వాత పదేళ్లకు, 2017లో ఇంకో బృందం ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే 'గిట్‌హబ్' అనే పెద్ద గిడ్డంగిని తవ్వింది. 45 లక్షల ప్రాజెక్టులు, నాలుగు కంప్యూటర్ భాషలు, 42.8 కోట్లకు పైగా ఫైళ్లు. వాటిలో వేర్వేరుగా ఉన్నవెన్నో తెలుసా? కేవలం 8.5 కోట్లు! మిగిలినవన్నీ ఎక్కడో ఉన్నదానికి నకళ్లే.

మరి కాపీ కొట్టడం మానేయొచ్చుగా?

'ఒకటే రాసి అందరూ దాన్నే వాడుకుంటే పోలా?' అన్నది చాలా ఏళ్లుగా ప్రోగ్రామర్లకు పంతుళ్లు చెప్పే నీతి. నిజమే, వీలైనచోట అదే మంచిది. కానీ అన్నిచోట్లా వీలుకాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో కోరీ క్యాప్సర్, మైఖేల్ గాడ్‌ఫ్రీ 2006లో దీన్నే ఎత్తిచూపారు. పాత యంత్రానికి రాసిన ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. దాన్ని పోలిన కొత్త యంత్రం వచ్చింది. పాతదాన్నే అటూ ఇటూ కెలికి రెంటికీ పనికొచ్చేలా చేయబోతే ఉన్నదీ చెడొచ్చు. కాపీ చేసి, కాపీని మార్చుకోవడమే క్షేమం. ఉమ్మడి వంటిల్లు మంచిదే. కానీ ఒకరికి ఉప్పు తక్కువ, ఒకరికి కారం పడదంటే రెండు గిన్నెల్లో వండక తప్పుతుందా?

కాబట్టి కాపీ నేరం కాదు. కాపీ ఎక్కడుందో తెలియకపోవడమే అసలు ప్రమాదం.

2002 మార్చిలో అదే జరిగింది. ఫైళ్లను కుదించి చిన్నవి చేసే 'జెడ్‌లిబ్' అనే చిన్న ప్రోగ్రాంలో లోపం దొరికింది. దాన్ని దిద్దడం ఎంతసేపు! కానీ అది బాగా పనిచేస్తుందని ఎంతోమంది తమ ప్రోగ్రాముల్లోకి తెచ్చి కలిపేసుకున్నారు. లినక్స్ గుండెకాయలోనే దానికో సొంత కాపీ ఉంది. ఒక్కో కాపీనీ వెతికి వేరువేరుగా దిద్దాల్సి వచ్చింది. దాదాపు ఇరవయ్యేళ్ల తర్వాత, 2021 డిసెంబరులో మళ్లీ అదే సినిమా! ఈసారి 'లాగ్‌ఫోర్‌జే'. ప్రోగ్రాం ఎప్పుడేం చేసిందో చిట్టా రాసిపెట్టే ఓ సహాయక సాఫ్ట్‌వేర్. అందులోని లోపంతో ఎక్కడో కూర్చున్న దొంగ మన కంప్యూటర్‌తో తనకు కావాల్సిన పని చేయించుకోవచ్చు. డబ్బాలో డబ్బా, ఆ డబ్బాలో ఇంకో డబ్బా అన్నట్టు అది లెక్కలేనన్ని ప్రోగ్రాముల అడుగున దాక్కుని ఉంది. ప్రపంచమంతటా కంపెనీల్లో సాంకేతిక సిబ్బంది పండగ సెలవులు మానుకుని ఒకటే ప్రశ్నతో కుస్తీ పట్టారు. 'అది మన దగ్గర ఉందా, లేదా?'

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ఓ తెలివైన దారి చూపారు. వాళ్ల 'రీడీబగ్' మందు చీటీ పట్టుకుని రోగుల్ని వెతుకుతుంది. లోపాన్ని దిద్దినప్పుడు పాత వరుసలు తీసేసి కొత్తవి పెడతారు కదా... ఆ తీసేసిన వరుసలు ఇంకా ఎక్కడెక్కడ బతికున్నాయో చూస్తుంది. 210 కోట్లకు పైగా వరుసల్లో గాలిస్తే, ఎప్పుడో దిద్దేశామని అంతా నిశ్చింతగా ఉన్న లోపాల కాపీలు 15,546 దొరికాయి!

డబ్బా మీద జాబితా ఉండాలి

బజార్లో పచ్చడి సీసా కొంటే వెనకాల ఏమేం కలిపారో రాసి ఉంటుంది. పల్లీలు పడనివాళ్లు చూసుకుని కొంటారు. సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి జాబితా ఉండాలన్న ఆలోచన ఇప్పుడు బలపడుతోంది. తమకు అమ్మే సాఫ్ట్‌వేర్‌తోపాటు ఆ చిట్టా కూడా ఇవ్వాలంటూ అమెరికా ప్రభుత్వం 2021 మేలో అడుగు వేసింది. మనదేశంలో కంప్యూటర్ భద్రత వ్యవహారాలు చూసే 'సెర్ట్-ఇన్' కూడా 2024లో ఇందుకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏ ముక్క ఎక్కణ్నుంచి తెచ్చారో రాసి ఉంటే, రేపు ఆ ముక్కలో లోపం బయటపడినప్పుడు వెతుకులాట గంటల్లో ముగుస్తుంది. అయితే జాబితాలో పేరు రాసేది మొత్తం డబ్బాను తెచ్చుకున్నప్పుడే. అందులోంచి గుప్పెడు తీసి కలుపుకున్నది ఎవరూ రాయరు. దాన్ని పట్టుకోవాలంటే క్లోన్ల వేటగాళ్లే దిక్కు.

వాళ్లకు కొత్త తలనొప్పి కూడా వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా ప్రోగ్రాములు రాస్తోంది. అది నేర్చుకునేది మనుషులు రాసిపెట్టిన కోడ్ నుంచే. అందులో నకళ్లే ఎక్కువైతే? 2019లో మిల్టియాడిస్ అల్లమానిస్ అనే పరిశోధకుడు ఓ సంగతి బయటపెట్టారు. ఇలాంటి యంత్రాలకు పాఠం చెప్పే కోడ్‌లోనూ, పరీక్ష పెట్టే కోడ్‌లోనూ ఒకే ముక్కలు ఉండిపోతే వాటికి రావాల్సినదానికన్నా ఎక్కువ మార్కులు వస్తున్నాయట. ముందురోజు చేసిన లెక్కలే ప్రశ్నపత్రంలో వస్తే ఏ పిల్లాడికైనా నూటికి నూరు వస్తాయి. వాడికి లెక్కలొచ్చని అనుకుంటే మాత్రం మోసపోయినట్టే!

మన వంతు ఏమిటి?

ఇదంతా ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ మూలం ఒక్కటే. దాన్ని తీసుకుని ఒక్కో కంపెనీ తనకు కావాల్సినట్టు మార్చుకుంటుంది. అంటే ప్రతి ఫోనూ ఓ కాపీయే. మూలంలోని లోపాలకు సవరణలను నెలనెలా విడుదల చేయడం గూగుల్ 2015 ఆగస్టులో మొదలుపెట్టింది. కానీ అవి ఒక్కో కంపెనీ కాపీలోకి ఎక్కి, అక్కణ్నుంచి మన ఫోను దాకా రావాలి. ఆ చివరి మెట్టు మీద నిలబడి ఉన్నది మనమే.

సినిమా చూస్తుంటేనో, పప్పు పోపు పెడుతుంటేనో 'అప్‌డేట్ చేయమంటారా' అని ఫోను అడుగుతుంది. 'తర్వాత' అని నొక్కి పక్కన పడేస్తాం. ఆ 'తర్వాత' వెనక ఉన్నది ఐఫోనుకు మందుపడ్డాక మ్యాక్‌కు మిగిలిన నాలుగు రోజుల గండంలాంటిదే. జబ్బేమిటో లోకానికి తెలిసిపోయింది. మందు గుమ్మం దాకా వచ్చింది. మింగడమే తరువాయి.

ఈసారి అడిగినప్పుడు 'సరే' అనండి. ప్రపంచంలో ఎక్కడో ఓ వేటగాడు కోట్ల వరుసలు జల్లెడపట్టి మీ శుభలేఖలోని సూర్యనారాయణగారిని పట్టుకున్నాడన్నమాట. పేరు దిద్దుకోవడానికి ఒక్క నిమిషం చాలు!